గచ్చు వేయని జాగ

2016 దసరా రోజున, అక్టోబరు 11న, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ ఒక్కసారే జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి, రోడ్ల నడుమ డివైడర్లు లేచాయి, ఊరి చివరి చేలన్నీ ప్లాట్లయ్యాయి. పాత వరంగల్ జిల్లాలో టీచరుగా ఈ మూడు ఊళ్లలోనూ కాపురమున్నదాన్ని. ఆ మార్పు నాకు అన్నిటికంటే ముందు పెరట్లోనే కనపడింది. గజం ధర ఎక్కినకొద్దీ ఇంటి చుట్టూ ఉండే మట్టి తరిగిపోతూ వచ్చింది. నాలుగు వందల గజాల పాత ఇల్లు అన్నదమ్ముల పంపకంలో రెండైంది, రెండు నాలుగైంది. నూరు గజాల్లో కొత్త ఇల్లు లేచాక, గోడకూ ప్రహరీకీ నడుమ మిగిలిన కాస్త సందును కూడా వానకు బురద అవుతుందని, ఊడ్వడం కష్టమని సిమెంటుతో మూసేస్తున్నారు. చేతిలో ఇంకొంచెం డబ్బుంటే టైల్స్ పరుస్తున్నారు.

నా బాధంతా ఆ సందు గురించే. ఇల్లు కట్టడానికి అనుమతి అడిగితే, ప్లాటు కొలతను బట్టి ముందూ వెనకా ఇంత ఖాళీ వదలాలని మున్సిపాలిటీ నిబంధన పెడుతుంది. గాలీ వెలుతురూ ఆడాలని ఆ ఏర్పాటు. 2002లో వచ్చిన వాల్టా చట్టం కొత్త ఇళ్లకు వాన నీటిని నేలలోకి ఇంకించే గుంత ఉండాలంటుంది. ఒక పక్క నిబంధన కోసం జాగ వదిలి, ఇంకో పక్క దాన్ని గచ్చుతో కప్పేస్తే ఆ వదిలినదానికి సగం ఫలితమే. మట్టి బతికి ఉన్న జాగ అయితే అదే తోట, అదే ఇంకుడు గుంత, ఎండాకాలం రాత్రి ఇంటికి చల్లదనం ఇచ్చేదీ అదే.

చెట్లు పెంచాలన్న కోరిక మనవాళ్లకు లేదని నేను అనను. ఆదివారం పూట కడియం నర్సరీ మొక్కలు నింపుకొని ట్రాలీ ఆటో వీధిలోకి వస్తే చుట్టూ జనం మూగుతారు. గులాబీ, మందారం, క్రోటన్లు, వాటికి కుండీలు, కుండీల్లోకి ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు సంచులు. సంక్రాంతి దాకా అన్నీ కళకళలాడతాయి. మే నెల వచ్చేసరికి గచ్చు మీద పెట్టిన కుండీ పెనం మీద పెట్టినట్టు కాలిపోతుంది. పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి ఉండవు. పెళ్లికో తీర్థానికో నాలుగు రోజులు ఊరికి పోయివస్తే మొక్క చేతికి దొరకదు. "మాకు చెట్లు అచ్చిరావక్కా" అని చాలామంది దిగులుగా చెబుతారు. అచ్చిరాకపోవడం ఏమీ లేదు. వేరు దిగడానికి జాగ లేదు, అంతే. నేలలో నాటిన మొక్క కిందికి వేరు పంపి తన నీళ్లు తాను వెతుక్కుంటుంది. కుండీలో మొక్కకు మన చేతినే చూస్తూ ఉండక తప్పదు.

అందుకే తక్కువ ఖర్చుతో, తక్కువ శ్రమతో తోట ఎట్లా అని ఎవరైనా అడిగితే మానుకోవాల్సిన పనులే ముందుగా చెబుతాను. మొదట గచ్చు వేయడం మానాలి. తర్వాత ఆకు కాల్చడం, అయినదానికీ కానిదానికీ నేల తవ్వడం, ప్రతి మొలకనూ కలుపని పీకడం, ప్రతి విత్తనాన్నీ కొనడం. ఇవన్నీ మానుకుంటే మిగిలే పని రోజుకు చాయ్ తాగినంత సేపు. డబ్బు ఖర్చు దాదాపు ఉండదు.

జపాన్‌లో షికోకు దీవి రైతు మసనోబు ఫుకువోకా జీవితమంతా ఇదే వెతికాడు. మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్తగా ఉద్యోగం చేస్తూ వదిలేసి తండ్రి తోటకు తిరిగివచ్చినవాడు. ఏ పని చేస్తే దిగుబడి పెరుగుతుందని అందరూ ఆలోచిస్తుంటే, ఏ పని చేయకపోయినా పంట పండుతుందో చూడాలని బయలుదేరాడు. దున్నడం వదిలాడు, రసాయనాలు వదిలాడు, కోసిన గడ్డిని తిరిగి పొలం మీదే చల్లాడు. 1975లో జపనీస్‌లో వచ్చిన ఆయన పుస్తకం 'గడ్డిపరకతో విప్లవం' పేరుతో తెలుగులోనూ చాలామంది చదివారు. 1988లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. ఇంచుమించు అదే కాలానికి అమెరికాలో రూత్ స్టౌట్ అనే ఆవిడ తన కూరగాయల మడిని ఏడాది పొడుగునా ఎండుగడ్డితో కప్పి ఉంచి, తవ్వకుండా, కలుపు తీయకుండా పండించుకుంది. 1955లో దాని మీద పుస్తకమే రాసింది. వాళ్ల నేలలు వేరు, వానలు వేరు. అక్కడి కొలతలు మనకు పనికిరావు. ఏది మానితే నష్టం లేదు అని అడిగిన ఆ ప్రశ్న మాత్రం ఏ ఊరికైనా పనికొస్తుంది.

దూరదేశాల దాకా పోనక్కర్లేదు కూడా. జనగామకు దగ్గర్లోనే లింగాల ఘనపురం మండలంలో ఏనెబావి అనే చిన్న పల్లె ఉంది. తొంభైలలో ఆముదం చేలను ఎర్ర గొంగళిపురుగు తినేస్తుంటే, జనగామలో పనిచేసే క్రాప్స్ అనే స్వచ్ఛంద సంస్థ మందు కొట్టకుండా దాన్ని ఆపే దారిని అక్కడి రైతులతో కలిసి వెతికింది. తొలకరి వాన పడగానే నేలలోంచి లేచే దాని రెక్కల పురుగు వెలుతురుకు వస్తుంది. చేలల్లో మంటలు వేసి, దీపపు ఎరలు పెట్టి, గుడ్లు పెట్టకముందే దాన్ని పట్టారు. అది కుదిరాక పురుగుమందు మొత్తానికే మానారు. ఇంకొన్నేళ్లకు రసాయన ఎరువూ మానారు. 2006లో ఊరు ఊరంతా ఒక్క మాట మీద నిలబడి, తమ నేలలో రసాయనం వాడమని ప్రకటించుకుంది. కరువు సీమలో, అప్పులతో నలిగిన రైతులు ఆ పని చేశారు. కొనేవాటిని ఒక్కొక్కటిగా మానుకుంటూ పోయారు. వాళ్లకది బతుకు సమస్య. పది గజాల పెరడున్న మనకు దాంట్లో పదోవంతు తెగువ కూడా అక్కర్లేదు.

జనగామలో నేనున్న ఇంటి వెనక పేరుకే మట్టి. బేస్‌మెంటు ఎత్తుకోసం పోయించిన మొరం, ఇటుక ముక్కలు, గట్టిపడిన సిమెంటు పెళ్లలు. గునపం దిగదు. చుట్టుపక్కల నేల ఎర్ర చెలక. ఆ చెలక కూడా ఈ మొరం కిందెక్కడో ఉంది. పక్కింటి అత్తమ్మ రోజూ పొద్దున్నే తన వేప చెట్టు కింద ఊడ్చి, కుప్ప చేసి అగ్గి పెట్టేది. శివరాత్రి దాటాక వేప ఆకు రాలే రోజుల్లో వీధి వీధంతా ఆ పొగే. "ఆ ఆకు నాకియ్యండి అత్తమ్మా" అంటే, "చెత్త ఏం జేస్కుంటవ్ బిడ్డా?" అని నవ్వి గంపతో ఇచ్చేది. ఆ ఆకును మొరం మీద మోకాలి కింది ఎత్తు వరకు పరిచి, పాల ప్యాకెట్లొచ్చే అట్టపెట్టెలు విప్పి అడుగున వేసి, పైన కొంచెం పేడ నీళ్లు చల్లాను. తవ్వలేదు. వానాకాలమంతా దాని మీద పడ్డ వాన దాన్ని నానబెట్టింది. దీపావళి నాటికి ఆ ఎత్తు జానెడైంది. ఆకు పొర తీసి చూస్తే నల్లటి మట్టి, అందులో వానపాములు. గునపం దిగని చోట చెయ్యి దిగింది.

ఇందులో మంత్రమేమీ లేదు. ఎండ నేరుగా తగలని నేలలో తడి తొందరగా ఆరదు. తడి ఉన్నచోట పురుగూ పుట్రా చేరి ఆకును తిని కిందికి లాగుతాయి, మన బదులు అవే దున్నుతాయి. ఆకు కప్పిన చోట వెలుతురు తగలక కలుపు గింజలు చాలా మట్టుకు మొలవవు. అంటే ఊడ్చి కాల్చే పనిని మానుకుంటే నీళ్లు పోసే పని, తవ్వే పని, కలుపు పని మూడూ తగ్గుతాయి. ఒక్క జాగ్రత్త ఉంది. ఎండాకు ఇంటి గోడకు ఆనకూడదు, చెదలు ఎక్కుతాయి. గోడకూ ఆకుకూ మధ్య జానెడు ఎడం ఉంచితే ఆ భయం ఉండదు.

నీళ్ల సంగతి జనగామవాళ్లకు ఒకరు చెప్పాల్సింది లేదు. గోదావరి నుంచి దేవాదుల ఎత్తిపోతల నీళ్లు చెరువులకు రావడం ఈమధ్య మాట. అంతకుముందు ఎండిన బావులు, ఆరు వందల అడుగులు దింపినా పొడి దుమ్ము లేచే బోర్లు అక్కడి ప్రతి ఇంట్లో చెప్పుకునే కథ. అయినా మన నెత్తి మీద పడే నీళ్లను మనం లెక్కించుకోం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు. నూరు గజాల స్లాబంటే దాదాపు ఎనభై నాలుగు చదరపు మీటర్లు. పది మిల్లీమీటర్ల చిన్న వాన, రోడ్డు మీద గుంతలు నిండే పాటి వాన, ఆ స్లాబు మీద ఎనిమిది వందల లీటర్లకు పైగా పోస్తుంది. అదంతా పైపు దిగి, గచ్చు మీద పారి, వీధి మోరీలో కలుస్తుంది. ఆ పైపు మూతిని మోరీ దిక్కు నుంచి ఆకు పరిచిన జాగ దిక్కు తిప్పితే చాలు. ఒక ఎల్బో ముక్క ఖర్చు. డ్రమ్ములు కొని నింపాల్సిన అవసరం నాకు కనపడలేదు. నీళ్లు దాచడానికి నేలను మించిన డ్రమ్ము లేదు, దానికి మూత కూడా అక్కర్లేదు. డ్రమ్ము పెట్టినవాళ్లు మాత్రం దానికి గుడ్డ కట్టాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా వారం పది రోజులు చాలు.

ఎండాకాలానికి ఒక పాత ఉపాయం ఉంది. మట్టి కుండ అడుగున సన్న రంధ్రం చేసి గుడ్డ పీలిక దోపి, మెడ దాకా నేలలో పాతి, నీళ్లు నింపి మూత పెట్టాలి. నీళ్లు పైన ఆవిరవకుండా వేరు దగ్గరే మెల్లగా దిగుతాయి. కిందటేటి రంజన్ చల్లబడటం మానేస్తే కొత్తది కొంటాం కదా, ఆ పాతది ఇట్లా పనికొస్తుంది. ఒక కుండ చుట్టూ నాలుగు తీగలు బతుకుతాయి.

మానుకోటకు, అంటే మహబూబాబాద్‌కు, బదిలీ అయ్యాక నీళ్ల బాధ తగ్గింది, కోతుల బాధ మొదలైంది. ఆ ఊరివాళ్లకు అది నవ్వులాట విషయం కాదు. పెంకుటిళ్ల మీద గూన పెంకలు మిగలవు, పిల్లలు చేతిలో అరటిపండుతో వీధి దాటలేరు. అడవిలో పండ్ల చెట్లు కరువై ఊళ్ల మీద పడ్డ జీవాలవి. వాటి మీద కోపం తెచ్చుకోవడం నాకు చేతకాలేదు. జామ పిందె పట్టగానే తెంపి ఒక్క కొరుకు కొరికి పారేస్తాయి. ఆనపకాయ వేలెడు కాకముందే తుంచుతాయి. కొందరు ఇంటి వెనకంతా ఇనుప జాలీ బిగించి పంజరం చేయించారు. దానికయ్యే ఖర్చుతో పదేళ్లు కూరగాయలు కొనుక్కోవచ్చు. నేను జాలీ జోలికి పోలేదు, వాటికి నచ్చే పంట వేయడమే మానుకున్నాను. కల్యామాకు, పుదీనా, పసుపు, అల్లం, చామగడ్డ, కాకర, మిరప. మా వీధి కోతులు వీటిని చూసి, ఒకటి రెండు ఆకులు తుంచి వాసన చూసి, గోడ దాటిపోయేవి. నేలలోపల పెరిగేదాన్ని అవి తవ్వలేదు. పసుపుకు, చామకు నీడ ఉన్నా ఫరవాలేదు కాబట్టి రెండు గోడల మధ్య సందు వాటికి సరిగ్గా సరిపోయింది. జూన్‌లో పాతిన పసుపు కొమ్ము సంక్రాంతి దాటాక ఆకు ఎండి తానే చెబుతుంది, తవ్వుకోమని.

మిర్చి గురించి మానుకోటలో మాట్లాడటం అంటే అన్నం గురించి మాట్లాడటమే. 2021-22లో నల్ల తామరపురుగు వచ్చి చుట్టుపక్కల మిర్చి తోటలను పూతలోనే కాల్చేసినప్పుడు, పెట్టుబడి పెట్టిన చేలను కళ్ల నీళ్లతో దున్నేసిన రైతుల పిల్లలు నా తరగతిలో ఉన్నారు. వాళ్ల పంటకూ మన పెరటి మొక్కకూ పోలిక తేవడం తగదు. పెరడు మనకు ఆదాయం తేదు, అప్పూ తేదు. ఆ స్వేచ్ఛ ఉంది కాబట్టే మందు అక్కర్లేదు, తొందర అక్కర్లేదు. మిరప మొక్క ఏడాదికే చచ్చిపోయేది కాదని పెరట్లోనే తెలుస్తుంది. కాపు తగ్గాక జానెడు మోడు ఉంచి పైన కోసేస్తే తొలకరికి మళ్లీ చిగురేస్తుంది, రెండో ఏడూ కాస్తుంది. వంగ కూడా అంతే. నాలుగు మిరప మొక్కలుంటే చిన్న సంసారానికి పచ్చిమిరపకాయ కొనాల్సిన పని ఉండదు. ముడత వస్తే ఆ కొమ్మ తుంచేయడం, పేనుబంక పడితే పొయ్యి బూడిద చల్లడం, మరీ ఎక్కువైతే లీటరు నీళ్లకు యాభై గ్రాముల చొప్పున వేప గింజలు దంచి రాత్రంతా నానేసి వడగట్టి కొట్టడం. వేప పండ్లు జూన్, జులైలలో రోడ్డు పక్కనే రాలి ఉంటాయి. ఏరుకుంటే ఏడాదికి సరిపోతాయి.

భూపాలపల్లికి పోయాక నాకు ఈ విద్య తెలిసిన అసలు గురువులు కనపడ్డారు, సింగరేణి క్వార్టర్లలో. కాకతీయ ఖని బాయిల్లోకి దిగే మనిషికి వారానికో వేళ మారుతుంది. మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు. మా పక్క క్వార్టరు అన్న ఒకరోజు గోడ మీంచి అన్న మాట నాకు ఇంకా గుర్తే: "మూడు షిఫ్టుల మనిషిని టీచర్, నాకోసం చెట్టే ఆగాలె గానీ చెట్టుకోసం నేనెక్కడ ఆగుత?" ఆయన పెరట్లో ఆగగలిగినవే ఉన్నాయి. ఎవరో కొమ్మ కొట్టేస్తుంటే అడిగి తెచ్చి గుచ్చిన మునగ. కంచె మీదికి తానే ఎక్కిన బచ్చలి. దాని ముక్క తుంచి గుచ్చితే ఇంకో తీగ. జాలారు నీళ్లు పారే చోట అరటి, దాని పక్కన మెట్టతామర. తిని పారేసిన గింజల్లోంచి లేచిన బొప్పాయి. ఆ మొత్తం తోటలో కొన్నది ఒక్కటీ లేదు. డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసిన నీళ్లే అరటికి పోతుంటే, మంచంలో వాలేముందు ఒక చుట్టు తిరిగి పండుటాకు తెంపి మొదట్లో వేసేవాడు. అదే ఆయన తోట పని. సబ్బు నీళ్లు ఆకుకూరలకు పారనిచ్చేవాడు కాదు, అరటికీ మెట్టతామరకే వదిలేవాడు. ఓపెన్‌కాస్ట్ దుమ్ము రోడ్డు మీంచి లేచి ఆకుల మీద కూర్చుంటుందని, ప్రహరీ వెంబడి గుబురు మందారాలు పెట్టి పాలకూర మడిని వాటి వెనక దాచాడు. ఏ పుస్తకమూ చదవని మనిషి, తన పెరటి తీరు చూసి తానే తేల్చుకున్నాడు.

అక్కడ వాన కూడా ఎక్కువే. గోదావరి దిక్కు అడవి గాలి. జనగామలో నాకు శివరాత్రి నుంచి దీపావళి దాకా పట్టిన ఆకుమట్టి భూపాలపల్లిలో ఒక్క వానాకాలంలో తయారైంది. కాబట్టి ఒక ఊరి లెక్క ఇంకో ఊరికి అతకదు. మూడు ఊళ్ల మధ్య దూరం ఎక్కువ కాకపోయినా, మూడు చోట్లా పెరడు వేరువేరు మాట చెప్పింది: ఒక చోట నీళ్లు నిలుపుకొమ్మంది, ఒక చోట ఊరి జీవాలతో సర్దుకొమ్మంది, ఒక చోట నీ వేళ చూసుకొమ్మంది.

విత్తనం విషయంలో మన ఇళ్లలో పెద్దలు చేసిన ఏర్పాటుకంటే సులువైనది ఇప్పటికీ లేదు. దసరాకు గుమ్మానికి కట్టిన బంతిదండ ఎండిపోయాక తీసి పారేయకుండా చూరుకు వేలాడదీస్తే, మరుసటి ఏడు మిరుగం నాడు దాన్ని నలిపి చల్లడమే. బతుకమ్మకు బంతి సిద్ధం. బీరకాయ ఒకటి తీగ మీదే ఎండనిస్తే చిప్పలోనే గింజ భద్రంగా ఉంటుంది. గుమ్మడి, కాకర గింజల్ని బూడిదలో కలిపి, లేదా పేడలో అద్ది గోడకు కొట్టి పెట్టేవాళ్లు. పురుగు పట్టదు, ఎలుక ముట్టదు. చిక్కుడును మాత్రం వానాకాలంలోనే పెట్టాలి. నాటు చిక్కుడు పగలు పొట్టిగా మారే దాకా పూతకు రాదు. మాఘంలో విత్తితే తీగే పాకుతుంది, కాయ కనపడదు. చాలామంది తమ చిక్కుడు గొడ్డుపోయిందని పీకేసేది ఇక్కడే. ఇంకో సంగతి, మార్కెట్ టమాటా పిండి మొలిపించిన మొక్కలకు కాయ వస్తుంది గానీ తల్లిలాంటి కాయ రాదు, అది హైబ్రిడ్. విత్తనం కట్టుకోవాలంటే నాటు రకం ఒక్కసారి ఎవరినైనా అడిగి తెచ్చుకోవాలి. మన ఊళ్లలో విత్తనం అడిగితే లేదనేవాళ్లు తక్కువ.

మహబూబాబాద్ పొరుగునే ఉన్న ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో దరిపల్లి రామయ్య గారు బతికినన్నాళ్లూ చేసింది ఇదే. ఎండాకాలమంతా అడవి చెట్ల గింజలు ఏరి, వానలు మొదలవగానే సైకిల్ మీద పోతూ రోడ్ల పక్కన చల్లేవారు. జనం వనజీవి అన్నారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఆయన పోయారు. కోటి మొక్కల మనిషి అంటాం. ఆ కోటికీ మొదలు కొనని గింజే. ప్రభుత్వం వైపు నుంచి కూడా 2015 జులైలో హరితహారం మొదలైనప్పటి నుంచి నర్సరీల్లో జామ, మునగ, కల్యామాకు మొక్కలు ఇళ్లకు ఊరికే ఇస్తూ వచ్చారు. తెచ్చుకున్న ఆరు మొక్కలూ పెట్టడానికి జాగ లేక గేటు పక్కనే కవరుతో సహా ఎండిపోయిన ఇళ్లు నేను చూశాను. మొక్క ఊరికే వస్తుంది, నీళ్లు వానతో వస్తాయి, ఎరువు రాలిన ఆకుతో వస్తుంది. రానిది గచ్చు వేయని జాగ ఒక్కటే.

కలుపు మాట కూడా చెప్పాలి. వానాకాలంలో ఆకు పలచబడిన చోట మొలిచేవన్నీ శత్రువులు కావు. గంగవాయిలి కూర పప్పులోకి, తుమ్మికూర వినాయక చవితికి, పొన్నగంటి ఎప్పుడైనా. గునుగు లేకుండా బతుకమ్మ లేదు. ఆ గునుగును ఎవరూ విత్తలేదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు చేలల్లో వాటంతటవే మొలిచే కూరలను ఏళ్లుగా లెక్కగట్టి, వండి, లోకానికి చూపించారు. విత్తకుండా వచ్చిన కూరను గౌరవించడం వాళ్ల నుంచి నేర్చుకోవాలి. ఒక్కదాన్ని మాత్రం నేను ఉపేక్షించను, వయ్యారిభామను. యాభైలలో దిగుమతి గోధుమలతో దేశంలోకి వచ్చిందంటారు. ఇప్పుడు ఖాళీ ప్లాటంటే అదే. పూత రాకముందే చేతికి కవరు తొడుక్కొని వేళ్లతో సహా పీకేయాలి. పూస్తే దద్దుర్లు, ఆయాసం. ఎన్ని పనులు మానినా ఈ పని మానకూడదు.

మిద్దె మీద పండించేవాళ్లంటే నాకు చాలా గౌరవం. కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి నారపల్లిలోని తన ఇంటి మిద్దె మీద మట్టి మోయించి, మళ్లు కట్టి, 'మిద్దెతోట' అన్న మాటను ఇంటింటికీ చేర్చారు. నేల లేని నగరంలో అది చేయగల గొప్ప పని. అయితే జనగామ, మానుకోట, భూపాలపల్లి ఇంకా హైదరాబాద్ కాలేదు. ఇక్కడ ఇంకా నేల ఉంది. మట్టిని మిద్దె మీదికి మోసుకునే రోజు మనకూ రాకముందే, కిందున్న మట్టిని కాపాడుకోవచ్చు.

ఈ నెలలో మా వీధి చివర ఇంకో ఇంటికి ముగ్గు పోశారు. ఆ ఇంటి కోడలు సాయంత్రం వచ్చి, "టీచర్, వెనక ఎంత విడిచిపెట్టమంటరు?" అని అడిగింది. అడిగినందుకు ఎంత సంతోషమైందో చెప్పలేను. మున్సిపాలిటీ వదలమన్నంత వదిలితే చాలు, ఎక్కువ వద్దు అన్నాను. మేస్త్రితో మూడు మాటలు మాత్రం ఇప్పుడే చెప్పాలి, పునాది తవ్వకముందే. పైన మూరెడు లోతు మట్టి వేరుగా తీసి వెనక మూలన కుప్ప పోయించండి, అదే మీ నేలలో బలమున్న మట్టి. మొరంతో కలిపి బేస్‌మెంటులోకి తోయనీయొద్దు. పని అయిపోయాక సిమెంటు కడిగిన నీళ్లు, సున్నం, పెళ్లలు ఆ వెనక జాగలో పోయకుండా చూడండి. స్లాబు పైపు వెనక దిక్కుకే దింపించండి. ఆమె ఫోన్‌లో రాసుకుంది. "మరి బురద గాదా?" అని అత్తగారు వెనక నుంచి అడిగింది. నడిచే చోట నాలుగు షాబాదు బండలు విడివిడిగా వేయించుకొమ్మని, బండకూ బండకూ మధ్య పుదీనా గుచ్చుకోవడానికి మా పెరట్లోంచి తీగ ఇస్తానని చెప్పాను.